ఎత్తని వేలు

అనగనగా ఒక రాజు. మన దేశపు రాజు కాదు, యవన దేశపు రాజు. అక్కడ వరిచేలు ఉండవు. తెల్లరాళ్ళ కొండలు, ఆ కొండల మీద మేకలు, మేకలు నమిలినంత నమలగా మిగిలిన ఆలివ్ చెట్లు, ఎటు చూసినా సముద్రం. ఆ రాజు పేరు థెరాండ్రుడు. రాణి పేరు తియాన. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు లైకాసు, నడిమివాడు దామోను, చిన్నవాడు ఆయోను.

ఆ దేశంవాళ్ళకి ఆటలంటే ప్రాణం. మనం దేవుడికి కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టుకుంటామే, వాళ్ళు దేవుడి ముందు పరుగెత్తీ, బల్లెం విసిరీ, కుస్తీ పట్టీ దణ్ణం పెట్టుకుంటారు. పెద్దమనిషి ఎవరైనా పోతే కడుపారా ఏడ్చి, ఆ చితి పక్కనే పందేలు పెడతారు. పోయినవాడికి అది వాళ్ళు చేసే మర్యాద. ఆటల కాలం వచ్చిందంటే యుద్ధాలు కూడా ఆగిపోవలసిందే. నిన్నటిదాకా కత్తులు దూసుకున్నవాళ్ళు ఒకే పడవెక్కి, ఒకే గిన్నెలో రొట్టె ముంచుకు తింటూ ఆటలకి వెళతారు. ఒళ్ళంతా నూనె రాసుకుని, ఆ నూనెకి మట్టి అద్దుకుని ఆడతారు. ఆట అయ్యాక వంపు తిరిగిన ఇత్తడి బద్దతో ఆ జిడ్డంతా గీకేసుకుంటారు. ఒంటిమీద నూలుపోగు ఉండదు. నవ్వకండి, వాళ్ళ పద్ధతి అది. అందుకేనేమో ఆడవాళ్ళని ఆ చుట్టుపక్కలకి రానివ్వరు.

అంత కష్టపడి గెలిచినవాడికి ఏమిస్తారనుకున్నారు? బంగారం కాదు, మాన్యాలు కాదు. ఒక ఆలివ్ రెమ్మ వంచి కిరీటంలా తలకి పెడతారు. అంతే. ఆ నాలుగు ఆకుల కోసం ప్రాణాలు ఇచ్చేస్తారు. రెండోవాడికి ఏమీ ఉండదు. ఓడినవాణ్ణి తిట్టరు, కొట్టరు. ఊరికే మొహం తిప్పేసుకుంటారు. వాడు సందుల్లోంచి, గోడల వారనుంచి ఇంటికి పోవాలి.

కుస్తీలో ఇంకో ఆచారం ఉంది. పట్టు బిగిసి, ఊపిరాడక, ఇంక నావల్ల కాదనుకున్నవాడు చూపుడువేలు పైకెత్తాలి. ఎత్తితే ఓడినట్టు. ఎదటివాడు ఆ క్షణమే వదిలెయ్యాలి. వేలెత్తినవాడి మీద చెయ్యి వేస్తే దేవుడు ఊరుకోడు. యవన దేశంలో ఎక్కడికి వెళ్ళినా ఇదే ఆచారం. ఒక్క థెరాండ్రుడి రాజ్యంలోనే అది చెల్లదు. మావాళ్ళు చస్తారు గానీ వేలెత్తరు అని ఆ రాజు తాతగారు శాసనం చేశాడు. శాసనం చేసి ఊరుకోలేదు. మగపిల్లవాడు బరిలోకి దిగే వయసు రాగానే రెండు చూపుడువేళ్ళూ అరచేతిలోకి మడిచి తోలుపట్టీతో కట్టించేవాడు. మీసం మొలిచిందాకా విప్పరు. విప్పేనాటికి ఆ వేళ్ళు కొక్కేల్లా వంగిపోయి ఉంటాయి. కత్తి పట్టుకోవడానికి పనికొస్తాయి, రొట్టె తుంచుకోవడానికి పనికొస్తాయి, ఆకాశం వైపు మాత్రం లేవవు. ఆ పట్టీ తల్లే కట్టాలి. కట్టేటప్పుడు కన్నీరు పెట్టకూడదు. తియాన రాణి ముగ్గురికీ కట్టింది. ముగ్గురికీ కట్టినప్పుడు పెదవి కొరుక్కుంది గానీ కన్నీరు పెట్టలేదు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతల దీవిలో గోర్గాసు అనే మాయలమారి లేచాడు. వాడు ఏటేటా చాటింపు వేయించేవాడు. ఎవరైనా వచ్చి నాతో కుస్తీ పట్టండి, నన్ను పడగొట్టినవాడికి నా దీవి, నా ధనం, నా ప్రాణం అన్నీ ఇచ్చేస్తానని. రాజ్యరాజ్యాల నుంచీ వస్తాదులు వెళ్ళారు. అంత దూరం సముద్రం దాటి వెళ్ళినవాడు వేలెత్తడానికి వెళతాడా? ఒక్కడూ వేలెత్తలేదు. ఒక్కడూ తిరిగి రాలేదు. పట్టు బిగించి, ఆఖరి ఊపిరి ఇంకా గొంతులో ఉండగానే గోర్గాసు వాళ్ళని రాళ్ళు చేసేవాడట.

లైకాసు వెళ్ళాడు. లైకాసంటే మాటలు కాదు. దున్నపోతు కొమ్ములు పట్టుకుని కూర్చోబెట్టేవాడు. రాజు రేవుదాకా వచ్చి కొడుకు భుజం తట్టాడు. ఆలివ్ పూతకి వెళ్ళినవాడు కాయ రాలే కాలం వచ్చినా రాలేదు. రాయైపోయాడని నావికులు చెప్పారు. వేలెత్తాడా అని రాజు అడిగాడు. లేదు అన్నారు. రాజు తల ఎత్తుకుని నడిచి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు దామోను వెళ్ళాడు. దామోనూ రాయైపోయాడు. వేలెత్తాడా? లేదు. రాజు మళ్ళీ తల ఎత్తుకునే వెళ్ళాడు గానీ, ఆ సారి మెట్లెక్కడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

ఇంక మిగిలింది ఆయోను. సన్నగా, పొడుగ్గా, కుస్తీ కంటే పరుగు బాగా వచ్చినవాడు. అన్నలిద్దరూ వాణ్ణి మేకపిల్లా అని ఏడిపించేవాళ్ళు, ఎవరైనా బయటివాళ్ళు ఏడిపిస్తే మాత్రం వాళ్ళ పళ్ళు రాలగొట్టేవాళ్ళు. ఇప్పుడు ఇంట్లో మేకపిల్లా అని పిలిచేవాళ్ళు లేరు. ఆయోను తండ్రి దగ్గరికి వెళ్ళి, నేను వెళతాను, అన్నలిద్దరినీ తీసుకొస్తాను అన్నాడు. రాజు వాడి మొహం చూడకుండా వాడి చేతులు చూశాడు. చూపుడువేళ్ళు బాగానే వంగి ఉన్నాయి. వెళ్ళు అన్నాడు.

రేవుకి వెళ్ళే అడవిదారి మొదట్లో తల్లి నిలబడి ఉంది.

"గెలిచి రమ్మని నేను చెప్పను నాయనా," అంది. "నువ్వు రా. ఎలాగైనా సరే, తిరిగి రా."

"వేలు లేవదు గదమ్మా."

"లేపుకో. అది నేను కట్టిన పట్టీయే. నీకు దణ్ణం పెడతాను, లేపుకో."

తల్లి దణ్ణం పెట్టడం చూడలేక ఆయోను గబగబా అడవిలోకి వెళ్ళిపోయాడు. దారంతా కుడిచేతి వేలుని ఎడమచేత్తో లాగుతూ నడిచాడు. మూడు కణుపుల్లో ఒక్కటి కూడా కదల్లేదు.

కొంత దూరం పోయేసరికి రెండు తోడేళ్ళు కొట్లాడుకుంటున్నాయి. ముసలిది ఓడిపోయింది. ఓడిపోయి, వెల్లకిలా పడుకుని, మెడ పైకెత్తి చూపించింది. కుర్రది ఆ మెడ మీద పళ్ళు పెట్టి, కొరక్కుండా, గుర్రుమని వెళ్ళిపోయింది. నీకు సిగ్గెయ్యలేదా అని ఆయోను అడిగాడు.

"వేసింది," అంది ముసలి తోడేలు. "కాసేపు అటు తిరిగి పడుకుంటాను. పోతుంది."

అది వాడి చెయ్యి చూసి, ఈ వేలికేమయింది అని జాలిపడింది. కూర్చుని చాలాసేపు నాకింది. వెచ్చటి నాలుక తగిలి తగిలి మొదటి కణుపు విచ్చుకుంది. ఆయోనుకి కళ్ళు తిరిగేంత నొప్పి పుట్టింది.

ఇంకా పోగా పోగా రెండు దుప్పులు కొమ్ములు కలిపి తోసుకుంటున్నాయి. ఒకటి వెనక్కి తగ్గి, తల దించి, పక్కకి పోయి గడ్డి మేసుకోసాగింది. ఆయోను దాన్నీ అడిగాడు, నీకు సిగ్గెయ్యలేదా అని. ఎందుకెయ్యదు అంది దుప్పి, నములుతూనే. కానీ ఈ గడ్డి నిన్నటిలాగే ఉంది, నువ్వూ కాస్త తిను అంది. నవ్వొచ్చి ఆయోను దాని పక్కన కూర్చున్నాడు. అది తన కొమ్ము సందులో వాడి వేలు పెట్టించుకుని మెల్లిగా తల తిప్పింది. రెండో కణుపు విచ్చుకుంది. తరవాత వాణ్ణి వీపున ఎక్కించుకుని సముద్రపొడ్డున దింపింది.

ఒడ్డున పడవ లేదు. ఒక ఆడ తాబేలు ఉంది, గుడిసెంత. ఎండ్రకాయలొచ్చి గిల్లుతుంటే తల లోపలికి లాక్కుని కూర్చుంది. అవి విసిగిపోయి వెళ్ళాక తల బయటపెట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ నేను ఎవరి మీదా గెలవలేదు బాబూ, నన్ను గెలిచినవాళ్ళందరూ పోయారు, నేను మాత్రం ఇలా ఉన్నాను అని ఆశ్చర్యంగా చెప్పింది. ఆయోనుని వీపు మీద కూర్చోబెట్టుకుని ఏడు సముద్రాలూ దాటించింది. దాటుతున్నంతసేపూ చెయ్యి నీళ్ళలో వేలాడెయ్యమంది. ఉప్పునీళ్ళు కోసినట్టు మండాయి. ఆరు సముద్రాలు దాటినా మూడో కణుపు మొండికేసింది. ఏడో సముద్రంలో దీవి కనబడుతుండగా అదీ విచ్చుకుంది. ఆయోను కుడిచేతి చూపుడువేలు పట్టీ కట్టాక మొదటిసారి తిన్నగా నిలబడింది. దాన్ని చూసుకుని వాడు సంతోషించలేదు. ఎవరిదో వేలు తన చేతికి అతికించినట్టు, దొంగసొత్తు పట్టుకున్నట్టు అనిపించింది. గుప్పిట మూసి ఒడ్డున దిగాడు.

ఒడ్డు నుంచి బరిదాకా దారి. దారికి అటూ ఇటూ రాతి మనుషులు. కొందరి పళ్ళు బిగిసి ఉన్నాయి, కొందరి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కొక్కరి తల మీదా ఎండిపోయిన ఆలివ్ ఆకుల కిరీటం. ఆయోను ఒక్కొక్క మొహం చూసుకుంటూ నడిచాడు. ముందు దామోను కనిపించాడు. మెడ సముద్రం వైపు తిరిగి ఉంది, ఎవరైనా వస్తున్నారేమోనని చూసినట్టు. కాస్త అవతల లైకాసు. గడ్డం ఎత్తి, పెదవి బిగించి, అచ్చం తండ్రిలా. ఆయోను పెద్దన్న రాతి గుండె మీద చెవి పెట్టి విన్నాడు. చాలా లోతున, బావి అడుగున నీరు కదిలినట్టు, ఏదో కదిలింది. బతికే ఉన్నారు. అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాడు.

"మీ పెద్దన్నా?" అని ఒక గొంతు అడిగింది.

తెల్లబట్టలు కట్టుకున్న అమ్మాయి. ఆమె పేరు మెలిస. ధాన్యపు దేవత గుడిలో పూజారిణి. ఆడవాళ్ళెవరూ ఆటలు చూడకూడదని చెప్పాను గదా, ఆ దేవత పూజారిణి ఒక్కతే చూడాలి. చూసి తీరాలి. బరి పక్కనే ఆమెకి తెల్లరాతి పీట వేస్తారు. ఆమె చూడకపోతే ఆట చెల్లదు. అందుకని గోర్గాసు ఆమెని ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాడు వచ్చినట్టే రాయవడం ఆమె కళ్ళారా చూస్తూ వచ్చింది. చివరికి కళ్ళు మూసుకుని నిద్రపోవడం కూడా మానేసింది.

ఆమె ఆయోనుకి రహస్యం చెప్పింది. గోర్గాసుని ఎంత బిగించి పట్టుకున్నా వాడు చావడు. వాడి గొంతు ఎవరైనా నొక్కినప్పుడల్లా గుడి వెనకాల అడవి ఆలివ్ చెట్టు మీద ఒక చిలక కీచుమంటుంది. పీట మీద నుంచి ఆమెకది కనిపిస్తుంది. వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది. ఆ చెట్టు దగ్గరికి పోవడానికి ఒకటే దారి, అది ఓడినవాళ్ళు వెళ్ళే దారి. ఇంకెవరు అడుగుపెట్టినా కాళ్ళు కాలిపోతాయి. ఇంతవరకూ ఆ దారిన ఎవరూ నడవలేదు. మోకాలెత్తు గడ్డి మొలిచిపోయింది.

"మా అన్నలకి చెప్పలేదా?"

"ఇద్దరికీ చెప్పాను. పెద్దాయన నవ్వాడు. రెండో ఆయన నవ్వలేదు. వేళ్ళు చూపించి వెళ్ళిపోయాడు."

మరునాడు పొద్దున్నే కొమ్ము ఊదారు. దీవిలోవాళ్ళంతా చేరారు. ఆయోను దేవుడి రాయి మీద చెయ్యి పెట్టి, మోసం చెయ్యనని ఒట్టు వేశాడు. గోర్గాసూ వేశాడు. ఎంత మాయలమారైనా వాడు ఆటలో తప్పు చెయ్యడు. చేస్తే వాడికి వరమిచ్చిన దేవుడు ఆ వరం వెనక్కి తీసుకుంటాడు.

కుస్తీ మొదలయింది. మొదటిసారి గోర్గాసు వాణ్ణి ఎత్తి పడేశాడు. రెండోసారీ ఎత్తి పడేశాడు. ఎన్నిసార్లు పడేసినా ఎదటివాడు వేలెత్తితేనే గెలుపు గనక, మూడోసారి పడెయ్యకుండా మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. మీ నాన్నకి ఇంకా కొడుకులున్నారా, లేకపోతే ఈసారి ఆయన్నే రమ్మను అని చెవిలో ఎగతాళి చేశాడు. ఆయోనుకి చుట్టూ నల్లబడింది. ఆ చీకట్లో తండ్రి మొహం కనిపించింది. తాత శాసనం కనిపించింది. గుప్పిట విప్పడం అంత కష్టమని వాడు అనుకోలేదు. వేలు విచ్చుకున్నా మనసు విచ్చుకోలేదు. రాయి పైకి పాకుతున్నట్టు పాదాల నుంచి చల్లదనం ఎక్కుతోంది. మోకాళ్ళు దాటింది. నడుము దాటింది. అప్పుడు దారి మొదట్లో తల్లి పెట్టిన దణ్ణం గుర్తుకొచ్చింది.

ఆయోను వేలెత్తాడు.

గోర్గాసు ఆ వేలు కేసి చూశాడు. అదేమిటో వాడికి ముందు అర్థం కాలేదు. చేతులు వాటంతటవే వదిలేశాయి.

"ఓడావా?" అన్నాడు. "అంటే నేను... గెలిచానా?"

పిల్లలూ, ఇక్కడో సంగతి చెప్పాలి. వేలెత్తకుండా పోయినవాడు ఓడినట్టు కాదు. అది వాళ్ళ న్యాయం. అందుకని ఇన్నేళ్ళూ ఆ ఆకుల కిరీటం రాళ్ళ తలలకే పెడుతూ వచ్చారు. గోర్గాసు అందరినీ పడగొట్టాడు, ఎవర్నీ గెలవలేదు. ఆ కసితోనే వాళ్ళని రాళ్ళు చేశాడు. ఇవాళ మొదటిసారి కిరీటం వాడిది. చాటింపువాడు వచ్చి వాడి పేరు, వాడి తండ్రి పేరు, ఊరి పేరు నాలుగు దిక్కులకీ పిలిచాడు. పిలిచిందాకా గెలిచినవాడు కదలకూడదు. గోర్గాసు కదలలేదు. కళ్ళు మూసుకుని, పసివాడు బువ్వకి నోరు తెరిచినట్టు, తల వంచి నిలబడ్డాడు.

ఆయోను కేసి ఎవరూ చూడలేదు. ఓడినవాడు గదా. జనం మొహాలు తిప్పుకుంటుంటే ఆ మొహాల మధ్యనుంచి నడుచుకుంటూ గడ్డి మొలిచిన దారిలోకి వెళ్ళాడు. ముళ్ళు గీసుకున్నాయి, కాళ్ళు కాలలేదు. చెట్టు మీద చిలక ఉంది. ఈకలు సగం రాలిపోయిన ముసలి చిలక. వాణ్ణి చూసి ఎగరలేదు.

"వాడు గెలిచాడా?" అని అడిగింది.

"గెలిచాడు."

"తలకి ఆకులు పెట్టారా?"

"పెడుతున్నారు."

"అయితే ఇంక చాలు," అంది చిలక. "నేను పోయినా ఆ రాళ్ళు వాటంతటవి లేవవు నాయనా. వాళ్ళ కుస్తీ ఇంకా అవలేదు. వేలెత్తినవాడు లేస్తాడు, ఎత్తనివాడు రాయే. పొద్దు దిగిందాకానే గడువు. పరుగెత్తు."

అని వచ్చి వాడి అరచేతిలో మెడ పెట్టింది. ఆయోనుకి చేతులు రాలేదు. అన్నల్ని తలుచుకుని, మొహం పక్కకి తిప్పుకుని నొక్కాడు. బరిలో గోర్గాసు నవ్వుతూ ఒరిగిపోయాడు. కిరీటం తల మీదే ఉంది. పీట మీద నుంచి మెలిస చూసింది అదంతా. అంత క్రూరుడి కోసం తనకెందుకు ఏడుపొచ్చిందో ఆమె ముసలిదయ్యాక కూడా చెప్పలేకపోయింది.

ఆయోను పరుగెత్తాడు. పరుగు వాడికి చేతనవును. మెలిసా నూనెకుండ పట్టుకుని వెంట పరుగెత్తింది. రాయి రాయి దగ్గరా ఆగి, ఆ చేతులకి నూనె రాసి, వేలెత్తు నాయనా, అయిపోయింది, ఇంటికి పోవచ్చు అని బతిమాలారు. పరాయి దేశాలవాళ్ళు కొందరు త్వరగానే ఎత్తారు. ఎత్తినవాడు ఎత్తినట్టే దగ్గుతూ, వణుకుతూ, అమ్మా అంటూ లేచాడు. కొందరు ఎత్తలేదు.

దామోను దగ్గరికి వచ్చేసరికి ఎండ పసుపుబారింది. చిన్నన్నా, నేను ఎత్తాను, చూడు అని ఆయోను తన వేలు వాడి కళ్ళముందు నిలబెట్టాడు. దామోను రాతి చెయ్యి సన్నగా వణికింది. అక్రోటుకాయ పగిలినట్టు ఒక్కొక్క కణుపూ టప్పుమంది. వేలు సగం లేచింది. సగం చాలింది. దామోను తమ్ముడి మీదికి వాలిపోయాడు. ఊపిరి అందగానే, మేకపిల్లా, ఇంత ఆలస్యమా అన్నాడు.

ఇద్దరూ కలిసి లైకాసు దగ్గరికి వచ్చారు. నూనె రాశారు. ఆయోను చెయ్యి పట్టుకుని, పెద్దన్నా, గోర్గాసు పోయాడు, ఇంక ఎవరితో పోరాటం అన్నాడు. రాయి కదల్లేదు. పెద్దన్నా, అమ్మ ఏడుస్తోంది అన్నాడు. రాయి కంట్లోంచి ఒక నీటిచుక్క జారింది, చెయ్యి కదల్లేదు. సూర్యుడు సముద్రం అంచు తాకాడు. ఆయోను పుట్టి ఎన్నడూ అబద్ధమాడలేదు. అప్పుడు ఆడాడు.

"నాన్నగారే చెప్పమన్నారు పెద్దన్నా. వేలెత్తమన్నారు. ఇంటికి రమ్మన్నారు."

లైకాసు చూపుడువేలు మొదటి కణుపు దగ్గర చిన్నగా చీలింది. రాతిపొడి రాలింది. దామోను వేలు పట్టుకుని లాగాడు, ఆయోను లాగాడు. మెలిస అయిపోవచ్చిన కుండ అడుగున ఉన్న నూనె కూడా తీసి రాసింది. ఇంకాస్త, పెద్దన్నా, ఇంకాస్త అంటుండగానే పొద్దు మునిగిపోయింది. కంటి నీరు చెంప మీదే రాయైపోయింది. ఆయోను గుండె మీద చెవి పెట్టాడు. బావిలో నీరు లేదు.

అన్న మనసొప్పక ఎత్తలేదో, మనసొప్పినా కణుపులు రాలేదో, కాలమే చాలలేదో, ఆయోనుకి తెలియలేదు. రాజై ముసలివాడయ్యాక కూడా తెలియలేదు.

గోర్గాసు చచ్చాడన్న కబురు వీళ్ళకంటే ముందే ఊరు చేరింది. థెరాండ్రుడు గునపాలు తెప్పించాడు. వాళ్ళ దేశంలో గెలిచినవాడు కోటగుమ్మంలోంచి రాడు. ఇలాంటి వీరుడుండగా ఊరికి గోడెందుకని కోటగోడ పగలగొట్టి, ఆ సందులోంచి రథం మీద లోపలికి తెస్తారు. జనం గునపాలు పట్టుకుని నిలబడ్డారు. గోర్గాసు దీవి నుంచి వచ్చిన ఓడ రేవులో ఆగింది. దామోను దిగాడు, మెలిస దిగింది. ఆయోను దిగి తండ్రి పాదాల దగ్గర మోకరిల్లాడు. నీ కిరీటమేదిరా అని రాజు అడిగాడు.

"లేదు నాన్నగారూ. నేను వేలెత్తాను."

గునపాలు దిగాయి. ఒకరి తరవాత ఒకరు మొహాలు తిప్పుకున్నారు. రాజు కూడా తిప్పుకున్నాడు. తిప్పుకున్నవైపే ఓడలోంచి లైకాసుని దింపుతున్నారు. ఎనిమిది మంది మోస్తున్నారు. రాజు దగ్గరికి వెళ్ళి ఆ వంగిన వేలు చూశాడు. వీడొక్కడే నా కొడుకు అన్నాడు.

అందరూ మొహం తిప్పుకున్న చోట తియాన రాణి ఒక్కతే చిన్నకొడుకుని ఎదురుగా చూస్తోంది. నెమ్మదిగా వచ్చి వాడి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, తిన్నగా ఉన్న ఆ వేలుని ముద్దు పెట్టుకుంది. తరవాత భర్తతో అంది. "మీకు కావలసినవాణ్ణి తెచ్చాడు. వాడు మీతో మాట్లాడడు, అన్నం పెట్టమని అడగడు, ఎన్నేళ్ళైనా అలాగే నిలబడతాడు. నాకు కావలసినవాళ్ళని నేను తీసుకుపోతున్నాను." అని ఇద్దరు కొడుకుల చేతులూ పట్టుకుని, మెలిసని ముందు నడవమని, మామూలు గుమ్మంలోంచి ఇంటికి తీసుకుపోయింది.

రాజు ఆ రోజు ఇంటికి రాలేదు. రాయి పక్కనే కూర్చుండిపోయాడు. ఏం మాట్లాడుకున్నారో తండ్రీ కొడుకులు, ఎవరికీ తెలియదు. తెల్లవారాక కుస్తీ నేర్చుకునే పిల్లలు బరికి వచ్చేసరికి రాజు మట్టిలో కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్కణ్ణే దగ్గరికి పిలిచి, వాళ్ళ వేళ్ళకున్న తోలుపట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. ముళ్ళు బిగిసిపోయిన చోట పళ్ళతో విప్పాడు. పిల్లలు బిత్తరపోయి చూస్తున్నారు. రాజు విప్పిన వేలుని కాసేపు నిమిరి, మళ్ళీ ఇంకొకణ్ణి పిలిచాడు.

ఆ తరవాత థెరాండ్రుడు ఎంతో కాలం బతకలేదు. దామోను నాకు రాజ్యం వద్దన్నాడు, సముద్రపొడ్డున కూర్చుంటే చాలన్నాడు. ఆయోను రాజయ్యాడు. మెలిసని పెళ్ళాడాడు. పెళ్ళిపందిట్లో పాట పాడారు గానీ, పెద్దన్న లేని పెళ్ళికి డప్పు వద్దన్నాడు. ధాన్యపు దేవత చల్లగా చూసింది, ఆ కొండల్లో కూడా ఇంత గింజ పండింది. ఆడవాళ్ళు ఆటలు చూడవచ్చని, ఓడినవాడు పెద్దవీధిలోంచే ఇంటికి పోవాలని శాసనం చేశాడు. చాలా ఏళ్ళు ఏలాడు, పిల్లలూ మనవలూ కలిగారు. మంచి రాజని పేరు తెచ్చుకున్నాడు.

లైకాసుని కోటలో పెట్టలేదు. బరి పక్కనే నిలబెట్టారు. తియాన రాణి వారం వారం నూనెగిన్నె తీసుకుని వెళ్ళేది. తల దగ్గర్నుంచి పాదాలదాకా మర్దనా చేసి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, కొంగుతో తుడిచేది. చెంప మీదున్న ఆ రాతిచుక్కని మాత్రం తుడిచేది కాదు, దాని చుట్టూ తుడిచేది. చలికాలం వస్తే దుప్పటి కప్పేది. చూసినవాళ్ళెవరూ నవ్వలేదు. ఆమె పోయాక మెలిస వెళ్ళింది, మెలిస పోయాక ఆమె కూతురు వెళ్ళింది.

వాళ్ళ కథ వాళ్ళ దీవులకి పోయింది, మన మాట మన వాకిట్లో మిగిలింది. లేవండి, చేతులు కడుక్కురండి, అన్నం కలిపి ముద్దలు పెడతాను.